తోక ఉన్న ‘సరే’

ఫిబ్రవరి 6

మా ఆవిడ రోజంతా ఏయే మాటలు అంటుందో, ఎప్పుడు అంటుందో రాసి తెమ్మని మాటల టీచరు ఈ పుస్తకం ఇచ్చింది. ఆస్పత్రిలో ఆ అమ్మాయి ఉద్యోగానికి పెద్ద పేరేదో ఉంది. నా నోరు తిరగదు. అందుకే మాటల టీచరు అంటాను.

రాయమంది కాబట్టి రాశాను. టీ ఇస్తే సరే అంది. టీ ఒలికితే సరే అంది. కరెంటు పోతే సరే, వస్తే సరే. వాళ్ళన్నయ్య వచ్చినప్పుడు సరే అంది, ఆయన వెళ్ళిపోతుంటే కాస్త హుషారుగా సరే అంది.

పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు మిగిలింది ఈ ఒక్క మాటే. ఈ సంబరానికి ఇంత లావు పుస్తకం ఎందుకు? టీచరుకు విడిగా ఒక కాగితం రాసిస్తాను. ఇది నేనే ఉంచుకుంటాను.

ఫిబ్రవరి 7

ఈరోజూ అంతే.

ఫిబ్రవరి 9

పనికి వెళ్ళాను. ఒకరింట్లో వాష్‌బేసిన్ కింద పైపు మూసుకుపోయింది. విప్పి, అడ్డు తీసి, బిగించి, కుళాయి తిప్పితే నీళ్ళు జారిపోయాయి. ఇంటావిడ సంతోషించింది. నాకెందుకో ఒళ్ళు మండింది. పనిముట్లు సర్దుకుని చెప్పకుండా వచ్చేశాను.

మైకు సంగతి మళ్ళీ బుర్రలో తిరుగుతోంది. బస్‌స్టాండులో ఆమె అనౌన్సరు. మనిషిని చూడనివాళ్ళు కూడా ఆ గొంతును గుర్తుపడతారు. ఒకసారి బట్టల కొట్లో బేరమాడుతుంటే కొట్టువాడు తలెత్తి, “అమ్మా, మీరు బస్‌స్టాండు అమ్మగారు కదూ” అని బేరం లేకుండానే ఇచ్చేశాడు. ఇంటికొచ్చేదాకా ఆమె కాళ్ళు నేల మీద లేవు.

ఆ రోజు “ప్రయాణికులకు విజ్ఞప్తి” అని మొదలుపెట్టిందట. ఆ తర్వాత వచ్చినవి మాటలు కావు. జనం నవ్వారు. కంట్రోలరు మైకు చెడిందనుకుని మైకు మెకానిక్కును పిలిపించాడు. వాడు వైరు మార్చాడు, తర్వాత మైకే మార్చాడు. కొత్త మైకులోంచీ అదే గోల. అప్పుడు ఆమె మొహంలోకి చూశాడు. మూతి ఒక పక్కకి లాగేసి ఉంది, కుడిచెయ్యి వేలాడుతోంది. “సార్, మైకు బాగానే ఉంది. మేడమే బాగాలేరు” అన్నాడట.

వాణ్ణి తిట్టాలో దణ్ణం పెట్టాలో ఇప్పటికీ తెలియదు. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా ఒక్క క్షణం ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాలని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అప్పుడు తెలిసినవాడు అక్కడ ఒక్కడూ లేడు. మైకు మార్చే లోపల ఎంత పోయిందో ఎవరు చెబుతారు?

ఫిబ్రవరి 12

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. “ఏమండీ” అనే పిలుపు ఈ ఇంట్లో గోడగడియారంలాగా మోగుతూనే ఉండేది. ఏమండీ, తలుపు. ఏమండీ, చెప్పులు లోపలికెందుకు తెచ్చారు. వినీ విననట్టు ఉండేవాణ్ణి. ఒక్కసారి పిలిస్తే చాలు, చెప్పులు నెత్తిన పెట్టుకుని నిలబడతాను.

ఫిబ్రవరి 14

పెద్ద డాక్టరమ్మతో ఈసారి గట్టిగానే మాట్లాడాను.

“మేడమ్, తొడ దగ్గర్నుంచి తీగ పంపి మెదడులో రక్తం గడ్డను లాగేశామన్నారు. నేను పైపుల పనివాణ్ణి. అడ్డు తీస్తే నీళ్ళు రావాలి. మరి మాట రాదేం?”

ఆవిడ విసుక్కోలేదు. “పైపు బాగైందండీ. కానీ నీళ్ళు ఆగినప్పుడు అవతల మొక్కలు ఎండిపోయాయి. మాటలు చూసుకునే చోటు అది. గడ్డను కరిగించే ఇంజెక్షను ఇవ్వాలన్నా, గడ్డను లాగాలన్నా, ఎంత తొందరగా వస్తే అంత మేలు. మీరు కాస్త ఆలస్యంగా వచ్చారు.”

“కొత్త మొక్కలు వెయ్యలేరా?”

“వెయ్యలేం. పక్కనున్న మొక్కలకే ఈ పని నేర్పాలి. దానికి సాధన కావాలి.”

మొక్కలకు పని నేర్పడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆవిడకూ తన పోలిక ఎటో పోయిందని తెలిసినట్టుంది, నవ్వేసింది. నేనూ నవ్వాను. బయటికొచ్చాక ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 15

ఫోను తెరిస్తే బావగారి సందేశాలు. మా ఆవిడ అన్నగారు. ఈయనకు తెలియని విషయం భూమ్మీద లేదు కాబట్టి ఇంట్లో అందరం సర్వజ్ఞులవారు అంటాం. ఎక్కడో మూలకణాలు ఎక్కిస్తే లేచి పరిగెత్తారట. ఎక్కడో మెదడులో చిన్న బిళ్ళ పెడితే తలుచుకున్న మాట తెర మీద పడుతోందట. ఎక్కడో లేజర్ టోపీ ఉందట.

అన్నీ తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించాను. మూలకణాల మీద పరిశోధన ఇంకా జరుగుతోంది, నయమవుతుందని ఎవరైనా అమ్మితే కొనకండి అంది. బిళ్ళలు బహు కొద్దిమందికి, అవీ ప్రయోగాలేనంది. టోపీ చూసి ఫోను నా చేతిలో పెట్టేసింది.

బావగారికి ఫోన్ చేసి చెప్పాను. “ఆ డాక్టరుకేం తెలుసు బావా?” అన్నాడు. టోపీ తమరే పెట్టుకోండి బావగారూ అనబోయి నాలుక కరుచుకున్నాను.

ఫిబ్రవరి 20

ఇవాళ కాళ్ళు నిలవడం లేదు. డాక్టరమ్మే పిలిపించింది. వాళ్ళ ఆస్పత్రిలో ఒక కొత్త ప్రయోగం మొదలవుతోందట. మెడలో ఎడమ పక్క ఒక నరం మెదడుకు వెళుతుంది. దానికి సన్నని తీగ చుట్టి, కాలరు ఎముక కింద చిన్న యంత్రం పెడతారు. టీచరు మాట చెప్పించినప్పుడల్లా ఆ యంత్రం నరాన్ని చిన్నగా తట్టి లేపుతుంది. ఆ తట్టుడుకు మెదడు పాఠాన్ని గట్టిగా పట్టుకుంటుందేమోనని ఆశ. చేతుల విషయంలో కొందరికి మేలు చేసిందట. మాటల విషయంలో పనిచేస్తుందో లేదో ఇప్పుడే చూస్తున్నారు. సగంమందికి మొదట్లో తట్టుడు ఉండదు, ఎవరికి ఉందో ఎవరికీ చెప్పరు. ఆ తర్వాత అందరికీ ఉంటుంది.

“ఆపరేషనన్నాక ఇబ్బందులూ ఉంటాయి. ఆ నరం దగ్గర్నుంచే గొంతుకూ కొమ్మ వెళుతుంది. గొంతు బొంగురు పోవచ్చు. చాలామందికి సర్దుకుంటుంది, కొందరికి మిగిలిపోవచ్చు. ఇవన్నీ ఆవిడకు అర్థమయ్యేలా చెప్పి, ఆవిడ ఒప్పుకుంటేనే చేస్తాం” అంది.

నేను చెబుతానన్నాను. దారి పొడుగునా ఈల వేశాను. ఈల వేసి ఎన్నాళ్ళయిందో.

ఫిబ్రవరి 21

అడిగాను. పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం మీద మెడ బొమ్మ వేసి, తీగ గీసి, యంత్రం గీసి చెప్పాను. మాట వస్తుందేమో, చేయించుకుందామా అని అడిగాను.

“సరే” అంది.

స్పష్టంగా అంది. మా అమ్మాయికీ బావగారికీ ఫోన్ చేసి చెప్పేశాను.

గొంతు సంగతి బొమ్మలో గీయడం కష్టం. అందుకని గీయలేదు.

ఫిబ్రవరి 22

గొంతు అలా మిగిలిపోయేది కొందరికే అంది డాక్టరమ్మ. కొందరికి అంటే అందరికీ కాదు.

ఫిబ్రవరి 25

మాటల టీచరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎడమ చేత్తో బల్ల మీద తాళం వేయిస్తూ “నీ…ళ్ళు, నీ…ళ్ళు” అని పాడిస్తోంది. మాట మామూలుగా రానివాళ్ళలో కొందరికి పాటలో వస్తుందట. మా ఆవిడ తాళం బాగా వేసింది. నీళ్ళు రాలేదు. “స…రే” అని రాగం తీసింది.

“చూశారా, రాగం ఎంత చక్కగా ఉందో! చాలామందికి మాటల పని మెదడు ఎడమ పక్కది. అది దెబ్బతిన్నది. స్వరం ఎక్కించడం, దించడం ఎక్కువగా కుడిపక్క చూసుకుంటుంది. అది ఈవిడకు బాగానే ఉంది. అంటే సరే ఒక్కటే అయినా, ఎలా అంటున్నారో దాన్నిబట్టి కొంత పట్టుకోవచ్చు” అంది టీచరు. మా ఆవిడ వైపు తిరిగి, “అమ్మా, ఒక మాట అడుగుతాను. మీ ఆయన అందగాడేనా?” అంది.

మా ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. “సరేఏఏ…” అంది.

టీచరు పడీ పడీ నవ్వింది. మా ఆవిడా నవ్వింది, ఒక పక్క మూతితోనే. నేనూ నవ్వాను గానీ మధ్యలోనే ఆపేశాను. “ఇన్నేళ్ళు కాపురం చేశారు కదండీ, ఏ సరే ఏమిటో మాకంటే మీకే బాగా తెలియాలి” అంది టీచరు.

తెలుసు. తెలియకేం?

మా ఇంట్లో సరేలు రెండు రకాలు. ఒకటి పుటుక్కున తెగిపోతుంది. దానికి తోక లేదు. అది నిజం సరే. రెండోదానికి తోక ఉంటుంది. చివర కాస్త పైకి లేచి గాల్లో వేలాడుతుంది. మీ ఇష్టం, ఆనక నా దగ్గరికి రాకండి అని దానర్థం. ఒకప్పుడు నేను పాత స్కూటరు కొంటానంటే తోక సరే అంది. నేను కొనలేదు. తోక సరే విన్నాక కొన్న మొగుడెవడూ సుఖపడడు.

ఫిబ్రవరి 26

నేను అడిగినప్పటి సరేకి తోక లేదు.

ఫిబ్రవరి 27

ఉంటే నాకు తెలిసేది.

ఫిబ్రవరి 28

కొంచెం ఉందేమో. పూర్తి తోక కాదు.

మార్చి 2

డాక్టరమ్మ ఫోన్ చేసింది. వచ్చేవారం తనే స్వయంగా బొమ్మలు చూపించి మా ఆవిడను అడుగుతుందట. ఔనంటే బొటనవేలు పైకి, కాదంటే కిందికి. ఒకే విషయాన్ని తిప్పి తిప్పి అడుగుతారట.

“మేడమ్, నేను అడిగాను కదా, ఆవిడ సరే అంది కదా” అన్నాను.

“గొంతు సంగతి కూడా చెప్పారా?”

“చెప్పాను” అన్నాను.

చెప్పినట్టే. తర్వాత చెబితే ముందు చెప్పినట్టు కాదా?

పైపు కోయబోయి వేలు కోసుకున్నాను. పెద్ద దెబ్బేం కాదు.

మార్చి 3

అమ్మాయి వచ్చింది. అది జనానికి కారు నేర్పుతుంది. దాని కారులో దాని కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదుటివాడు గోతిలో పెట్టేలోపు అది తొక్కేస్తుంది. ఇంట్లోనూ అదే అలవాటు.

“నాన్నా, గొంతు బొంగురు పోవచ్చట. డాక్టరుగారు నాకూ చెప్పారు. అమ్మకి చెప్పావా?”

“కొందరికే.”

“చెప్పావా, లేదా?”

“చెబితే ఒప్పుకోదే! ఒప్పుకోకపోతే ఇంక ఎప్పటికీ ఇంతే. నీకేం, నువ్వు సాయంత్రానికి మీ ఇంటికి పోతావు. ఈ సరేతో నేనుండాలి ఇక్కడ!”

“అమ్మ గొంతు నాన్నా అది. నీది కాదు.”

“మాటే లేనప్పుడు గొంతుంటే ఏంటే లాభం? దాచుకోవడానికా?”

అరిచాననే చెప్పాలి. పక్క గదిలో ఆమె ఉందని గుర్తే లేదు. అక్కణ్ణుంచి వినబడింది, “సరే” అని. తోక ఈ గది దాకా ఉంది.

మాట రాదు గానీ చెవులు లేవని ఎవరన్నారు? అన్నీ అర్థమవుతాయని టీచరు మొదటిరోజే చెప్పింది. మొహం ఎత్తలేకపోయాను. లోపలికి వెళితే గోడవైపు తిరిగి పడుకుంది. భుజం మీద చెయ్యి వేశాను. తీసేసింది. ఎడమ చేత్తో, నెమ్మదిగా, పుల్ల తీసిపారేసినట్టు.

మార్చి 4

పనికి వెళ్ళలేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. కారని కుళాయికి కూడా వాషరు మార్చాను. ఇప్పుడు అది కారుతోంది.

మార్చి 5

అమ్మాయి మా ఇద్దర్నీ కారులో ఎక్కించుకుంది. ఎక్కడికంటే చెప్పలేదు. బస్‌స్టాండు ముందు ఆపింది.

జబ్బు చేశాక ఆమె అక్కడికి వెళ్ళడం ఇదే మొదలు. కంట్రోలరు పరిగెత్తుకొచ్చాడు. ఊడ్చేవాళ్ళు, డ్రైవర్లు, అందరూ “మేడమ్, మేడమ్” అంటూ చుట్టూ మూగారు. ఆమె అందరికీ సరే, సరే అంది. వాటిలో ఒక్కదానికీ తోక లేదు. వాళ్ళు వెళ్ళాక మేమిద్దరం ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాం. అమ్మాయి టీ తెస్తానని మాయమైంది. అది టీ కోసం వెళ్ళలేదని నాకు తెలుసు.

అప్పుడు పైనున్న స్పీకరు గురకపెట్టి మాట్లాడింది. “ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ సామానుకు మీరే బాధ్యులు. అపరిచితులకు అప్పగించకండి.”

ఆమె గొంతే. ఎప్పుడో రికార్డు చేసింది, ఇంకా అదే వేస్తున్నారు. నేను గబుక్కున ఆమెను లేవదీయబోయాను. బాధపడుతుందనుకున్నాను. ఆమె కదల్లేదు. తల పైకెత్తింది. రెండోసారి వేసినప్పుడు దాంతోపాటు తనూ అనడం మొదలుపెట్టింది. ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ సామానుకు మీరే బాధ్యులు. ఒక్క అక్షరం పోలేదు. అలవాటైపోయినవి ఒక్కోసారి అలా దొర్లుకుంటూ వచ్చేస్తాయని, దాన్ని చూసి మాట వచ్చేసిందనుకోవద్దని టీచరు ముందే చెప్పింది. నిజమే. స్పీకరు ఆగగానే ఆమె కూడా ఆగిపోయింది. పెదాలు ఇంకేదో వెతికాయి. దొరకలేదు.

కానీ ఆ గొంతు! మాట లేదని గొంతును మర్చిపోయాను నేను. అది ఎక్కడికీ పోలేదు. మైకులోనూ అదే, బెంచీ మీదా అదే.

ఇంక నావల్ల కాలేదు. “ఏమోయ్, నీకొకటి చెప్పలేదు” అన్నాను. వేలితో నా మెడ మీద గీత గీసుకున్నాను, కాలరు దగ్గర యంత్రం చూపించాను. “ఇది పెడితే నీ గొంతు బొంగురు పోవచ్చు. ఇలాగ” అని గొంతు నొక్కిపెట్టి, “ప్రయాణికులకు విజ్ఞప్తి” అని కప్పలా బెకబెకమన్నాను. పక్క బెంచీ ఆయన తిరిగి చూశాడు. “చాలామందికి సర్దుకుంటుందట. కొంతమందికి అలాగే ఉండిపోతుందట. నీకు ఏదవుతుందో తెలీదు. మాట వస్తుందో రాదో కూడా తెలీదు. రావాలని నాకు ఆశ. నువ్వు కాదంటావేమోనని దాచాను.”

ఆమె నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఎడమ చెయ్యి తీసుకెళ్ళి తన గొంతు మీద పెట్టుకుంది. పెదాలు ముందుకొచ్చాయి, వెనక్కి పోయాయి, మళ్ళీ ముందుకొచ్చాయి. నుదుట చెమట పట్టింది.

“వ…ద్దు” అంది.

నేను ఎగిరి లేచాను. “ఏమన్నావ్? ఏదీ, మళ్ళీ అను!”

“వద్దు.”

“అమ్మాయ్! అమ్మాయ్! అమ్మ వద్దంది! కొత్త మాట! వద్దు అంది!” అని ప్లాట్‌ఫారం అదిరేలా అరిచాను. ఎవరో చప్పట్లు కొట్టారు. అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. దాని మొహం చూశాక నా బుర్రకు తట్టింది, ఆమె వద్దన్నది దేన్నో.

మళ్ళీ కూర్చున్నాను. ఆమె నా చేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

మార్చి 6

ఆమె వద్దందని డాక్టరమ్మకు చెప్పాను, గొంతు సంగతి ముందే చెప్పానన్నది అబద్ధమని కూడా. “అయినా వచ్చేవారం తీసుకురండి. ఒక్కసారి అన్న మాట మీద ఔననీ అనుకోను, కాదనీ అనుకోను. నేనూ అడగాలి” అంది. కాదంటే నష్టమేమీ లేదంది. సాధన ఆపొద్దంది. ఈ మాట వచ్చిందని మిగతావన్నీ వరసగా వచ్చేస్తాయనుకోవద్దు, రావని నిరాశపడొద్దు. ఇది కాకపోతే ఇంకో దారి కోసం ఎక్కడో ఎవరో వెతుకుతూనే ఉంటారంది.

నాకు కోపంగా ఉంది. ఆమె మీద కాదు. అబద్ధం ఎందుకు, ఆమె మీదే. ఆ గొంతుతో నన్ను పిలిస్తే చాలనుకున్నాను. ఆ గొంతును ఉంచుకుంటానంది, పిలవకపోయినా సరే. దీంట్లో ఆమెను అనడానికి ఏముంది?

మార్చి 8

వద్దు వచ్చినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. మాత్రలకు వద్దు, దుప్పటికి వద్దు, ఫ్యానుకు వద్దు. ఆపాక మళ్ళీ వద్దంది, అంటే వెయ్యమని. బావగారు టోపీ సంగతి ఎత్తగానే వద్దంది. అంత స్పష్టంగా అనడం టీచరు దగ్గర కూడా లేదు. ఆయన చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఒక సరే, ఒక వద్దు. కాపురానికి ఇంతకంటే ఎక్కువ వాడినట్టు నాకు గుర్తు లేదు.

మార్చి 13

డాక్టరమ్మ నన్ను బయట కూర్చోబెట్టి ఆమెను అడిగింది. ఎలా తిప్పి అడిగినా బొటనవేలు కిందికేనట. సరే.

నా సరేకి తోక లేదు. కొంచెం ఉంది.

మార్చి 15

పనికి బయల్దేరాను. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటాను. మెట్లు దిగుతుంటే లోపలినుంచి వినబడింది.

“వద్దూ!”

కంగారుపడి లోపలికి పరిగెత్తాను. ఏమీ కాలేదు. కుర్చీలో కూర్చుని, నేను మర్చిపోయిన కళ్ళజోడు ఎడమ చేత్తో ఎత్తి చూపిస్తోంది. దేన్నీ కాదనడం లేదు. ఆగమంటోంది. చివరన లాగిన ఆ రాగం నాకు తెలుసు. ఏళ్ళ తరబడి విన్నాను, వినీ విననట్టు ఉన్నాను. ఏమండీ అనేటప్పటి రాగం అది.

కళ్ళజోడు తీసుకుని పెట్టుకున్నాను. అద్దాలు మసకగా ఉన్నాయి. తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నా మసకగానే ఉన్నాయి. మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్ళానో లేదో, మళ్ళీ పిలిచింది. వీధిలోవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు. “ఆఁ, వస్తున్నా” అని కేకేసి వెనక్కి తిరిగాను.